బూట్ అయితే సరిపోతుందా?

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడు మొన్న రెండు రోజులు బోర్డు ముందే కూర్చున్నాడు. చివరికి నా దగ్గరికొచ్చి, "కోడ్ బాగానే ఉందన్నా, క్యూఎమ్యూలో చక్కగా నడుస్తోంది. బోర్డే పాడైనట్టుంది" అన్నాడు. క్యూఎమ్యూ అంటే అసలు బోర్డు లేకుండానే దాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్. అప్పటికే ఒక బోర్డు మార్చి చూశాడట. రెండోదీ అంతే.

పని పెద్దదేమీ కాదు. సీరియల్ పోర్ట్ వేగాన్ని సెకనుకి 115200 బిట్ల నుంచి 921600కి పెంచాలి. చిప్‌లో ఆ పోర్ట్‌ని నడిపే భాగం, అంటే యూఆర్ట్, ఆర్మ్ వాళ్ల పీఎల్011. దానికి అందే క్లాక్ 24 మెగాహెర్ట్జ్. 115200 కావాలంటే ఆ క్లాక్‌ని భాగించే డివైజర్ పూర్ణభాగం 13, భిన్నభాగం 1. 921600కి అవి 1, 40 అవుతాయి. లెక్క సరిగ్గానే వేశాడు, హార్డ్‌వేర్‌ని నియంత్రించే చిరునామాలైన రిజిస్టర్లలో సరిగ్గానే రాశాడు. క్యూఎమ్యూలో లాగ్ అక్షరం పొల్లుపోకుండా వస్తోంది. బోర్డు మీద మాత్రం టెర్మినల్ నిండా అర్థంలేని గుర్తులు.

నేను వెళ్లి టెర్మినల్ వేగాన్ని తిరిగి 115200కి మార్చాను. అతని లాగ్ మొత్తం శుభ్రంగా కనబడింది. అంటే చిప్ ఇంకా పాత వేగంతోనే పంపిస్తోంది. కొత్త డివైజర్లు రిజిస్టర్ దాకా వెళ్లాయి, అక్కణ్నించి లోపలికి వెళ్లలేదు.

పీఎల్011 మ్యాన్యువల్‌లో ఈ సంగతి స్పష్టంగా ఉంది. డివైజర్ రిజిస్టర్లు రెండూ, లైన్ కంట్రోల్ రిజిస్టరూ బయటికి మూడుగా కనిపించినా లోపల కలిసి 30 బిట్ల ఒకే రిజిస్టర్. లైన్ కంట్రోల్‌లో రాసినప్పుడే మిగతా రెండింటి విలువలూ అమల్లోకి వస్తాయి. లైనక్స్ కెర్నల్‌లోని పీఎల్011 డ్రైవర్ తెరిచి చూస్తే, డివైజర్లు రాశాకే లైన్ కంట్రోల్ రాయాలని పెద్దక్షరాలతో, చుట్టూ గీతలు గీసి మరీ కామెంట్ పెట్టారు. మా డ్రైవర్‌లో లైన్ కంట్రోల్ ముందు ఉంది, డివైజర్లు తరువాత ఉన్నాయి.

ఆ వరుస రాసింది నేనే. ఏడాదికి పైగా ఎవరికీ తెలియలేదు. క్యూఎమ్యూకి డివైజర్లతో పనే లేదు కాబట్టి అక్కడ తెలియలేదు. బోర్డు మీద మా కోడ్ కన్నా ముందు నడిచే బూట్‌లోడర్ 13, 1 పెట్టి వెళ్లిపోయేది, మాకు కావలసిందీ అదే కాబట్టి అక్కడా తెలియలేదు. వేగం మార్చాలనుకున్న రోజునే బయటపడింది. తప్పు నాది, రెండు రోజులు పోయింది అతనివి.

అప్పట్నుంచీ నన్నొక ఆలోచన వదలడం లేదు. పెరిఫెరల్ మోడల్, అంటే యూఆర్ట్ లాంటి పరికరాన్ని అనుకరించే ఎమ్యులేటర్ కోడ్, బాగుందో లేదో మనం దేన్ని చూసి చెబుతున్నాం? సాధారణంగా దానిమీద లైనక్స్ బూట్ అయిందా అనే చూస్తాం. ఆ కొలమానం తప్పని నా అభిప్రాయం. సరైన కోడ్‌కి సరిగ్గా జవాబివ్వడం మోడల్ పనిలో సగమే. తప్పు కోడ్ వచ్చినప్పుడు అది ఏం చేస్తుందన్నది మిగతా సగం. ఎమ్యులేటర్ మీద డ్రైవర్ రాసేవాడికి ఆ రెండో సగమే ఎక్కువ అవసరం.

పైకి కనిపించేది, లోపల ఉన్నది

మోడల్ రాసినవాళ్లకి తెలుసు, ఇందులో మంత్రమేమీ లేదు. ఫలానా చిరునామా నుంచి ఇంత మేర నాది అని ఒక మెమరీ రీజియన్ ప్రకటిస్తాం. గెస్ట్, అంటే ఎమ్యులేటర్ లోపల నడిచే కోడ్, అక్కడ చదివితే మన రీడ్ ఫంక్షన్, రాస్తే మన రైట్ ఫంక్షన్ పిలుపందుకుంటాయి. లోపల ఒక పెద్ద స్విచ్, ఆఫ్‌సెట్‌కొక కేస్. విలువ దాచుకోవాలి, కావాలంటే ప్రాసెసర్‌ని పిలిచే ఇంటరప్ట్ లైన్ ఎత్తాలి, దించాలి. యూఆర్ట్ లాంటిదైతే కొన్ని వందల లైన్లలో అయిపోతుంది.

అంత తేలిగ్గా అయిపోవడంలోనే చిక్కుంది. 'విలువ దాచుకో' అన్నది రిజిస్టర్‌కి చాలా సహజంగా అనిపిస్తుంది. రాసింది రాసినట్టు దాచుకుని, చదివితే తిరిగిచ్చేస్తే చాలా డ్రైవర్లు తృప్తిపడతాయి. కానీ నిజమైన సిలికాన్‌లో రిజిస్టర్ అంటే ఒక పెట్టె కాదు. ఒక బిట్ మీద 1 రాస్తే అది చెరిగిపోతుంది. ఇంకొకటి చదివితేనే చెరిగిపోతుంది. మరొకటి వేరే రిజిస్టర్‌లో రాసేదాకా అమల్లోకి రాదు. క్లాక్ ఆపేసి ఉంటే, కొన్ని చిప్‌లలో రాసింది గాలికి పోతుంది, మరికొన్నింటిలో బస్ ఎర్రర్ వస్తుంది. పీఎల్011 విషయంలో క్యూఎమ్యూ డివైజర్లను నమ్మకంగా దాచుకుంటుంది, ట్రేస్ పెట్టుకుంటే బాడ్ రేట్ (సీరియల్ వేగం) లెక్కకట్టి మరీ చూపిస్తుంది. రాసిన విలువ అమల్లో ఉందా, వరుసలో నిలబడి ఉందా అన్న తేడా మాత్రం దానికి లేదు. అక్షరాన్ని హోస్ట్ (ఎమ్యులేటర్ నడిచే కంప్యూటర్) టెర్మినల్‌కి పంపడానికి ఆ తేడాతో పనిలేదు మరి.

సున్నా కూడా ఒక జవాబే

కొత్త ఎస్ఓసీని, అంటే ప్రాసెసర్, పెరిఫెరల్స్ కలిసి ఉన్న చిప్‌ని, క్యూఎమ్యూలోకి తెచ్చేటప్పుడు అన్ని పెరిఫెరల్స్‌నీ ఒకేసారి రాయలేం. మ్యాన్యువల్లే వేల పేజీలు ఉంటాయి. అందుకని ఒక సదుపాయం ఉంది. ఇంకా రాయని చోట 'అన్‌ఇంప్లిమెంటెడ్' పరికరం ఒకటి పెట్టేస్తాం. చదివితే సున్నా ఇస్తుంది, రాస్తే పట్టించుకోదు, లాగ్ అడిగితే ఒక లైన్ రాస్తుంది. నేనూ ఎన్నోసార్లు పెట్టాను. అది లేకపోతే ఏ బోర్డూ మొదటి మెట్టు దాటదు.

దీన్ని చాలాకాలం తటస్థమైన ఏర్పాటు అనుకున్నాను. సున్నా ఇస్తే ఏమీ చెప్పనట్టే కదా అనిపించేది. అది పొరపాటని ఒక క్లాక్ కంట్రోలర్ దగ్గర అర్థమైంది.

ఎస్‌టీఎమ్32ఎఫ్4 కుటుంబం చిప్‌లలో క్లాక్ ఇచ్చే బయటి క్రిస్టల్‌ని ఆన్ చేయడానికి క్లాక్ కంట్రోల్ రిజిస్టర్‌లో 16వ బిట్ పెడతాం. అది స్థిరపడ్డాక హార్డ్‌వేరే 17వ బిట్ పెడుతుంది. చాలా ఫర్మ్‌వేర్లు (చిప్ మీద నేరుగా నడిచే ప్రోగ్రామ్‌లు) ఆ 17వ బిట్ వచ్చేదాకా లూప్‌లో తిరుగుతాయి. అక్కడ సున్నా ఇచ్చే పరికరం ఉంటే అలాంటి ఫర్మ్‌వేర్ ముందుకు కదలకుండా అక్కడే ఉండిపోతుంది. ఇంకో పెరిఫెరల్‌లో 'బిజీ' బిట్ కోసం చూసే లూప్ ఉంటుంది. అక్కడ అదే సున్నాకి 'పని అయిపోయింది' అని అర్థం. ఫ్లాష్ చెరపడం, అనలాగ్ కన్వర్షన్, డీఎమ్ఏతో డేటా బదిలీ, ఏది అడిగినా అయిపోయిందనే వింటాం. ఒకే సున్నా ఒకచోట 'ఎప్పటికీ కాదు' అంటోంది, ఇంకోచోట 'ఎప్పుడో అయింది' అంటోంది.

మొదటిది నయం. ఆగిపోయిన ఫర్మ్‌వేర్‌ని ఎవరైనా చూస్తారు, డీబగర్ తగిలిస్తారు, పది నిమిషాల్లో కారణం దొరుకుతుంది. రెండోదాన్ని ఎవరూ చూడరు. పరీక్షలన్నీ పచ్చగా పాసవుతాయి.

ఆగిపోవడం చికాకు కాబట్టి తరువాతి మెట్టులో చాలామంది చేసేది ఒకటుంది. రీడ్ ఫంక్షన్‌లో 'రెడీ' బిట్‌ని ఎప్పుడూ 1గా ఇచ్చేస్తారు. ఆన్ చేయకముందే రెడీ. నేనూ ఇలా చేశాను, చేసినప్పుడు పని ముందుకు సాగిందన్న సంతోషమే తప్ప ఇంకేమీ తోచలేదు. క్రిస్టల్ ఆన్ చేయడమే మర్చిపోయిన ఫర్మ్‌వేర్ కూడా ఆ మోడల్ మీద నడుస్తుంది. ఆన్ బిట్ పెట్టాకే రెడీ బిట్ ఇవ్వడానికి అదనంగా పట్టేది ఒక్క 'ఇఫ్' మాత్రమే. ఆ ఒక్క లైన్ రాయనందుకు నాకిప్పుడు బాధగా ఉంది.

చెప్పి వదిలేయాలా, ఆపేయాలా

పీఎల్011 దగ్గరే ఇంకో ముచ్చట ఉంది. రీసెట్ తరువాత ఈ యూఆర్ట్‌లో ట్రాన్స్‌మిట్, రిసీవ్ బిట్లు పెట్టే ఉంటాయి, మొత్తం యూఆర్ట్‌ని ఎనేబుల్ చేసే బిట్ మాత్రం సున్నా. దాన్ని పెట్టకుండా డేటా రిజిస్టర్‌లో అక్షరం రాస్తే చిప్ ఏమీ పంపదు. క్యూఎమ్యూ మాత్రం మొదట్నుంచీ పంపేస్తూ వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా చేసే బేర్‌మెటల్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టేవాళ్లు రాసే తొలి ప్రోగ్రామ్ దాదాపు ఎప్పుడూ ఇదే. క్యూఎమ్యూలోని 'విర్ట్' అనే మెషీన్‌లో హెక్స్ 09000000 దగ్గర అక్షరాలు ఒకటొకటిగా రాస్తే స్క్రీన్ మీద 'హలో' వస్తుంది. సెటప్ అక్కర్లేదు.

తరువాత డెవలపర్లు ఈ విషయాన్ని సరిదిద్దాలనుకున్నారు. ఆపేస్తే ఆ తొలి ప్రోగ్రామ్‌లన్నీ ఒక్కసారిగా మూగబోతాయి. అందుకని అక్షరాన్ని పంపుతూనే, డిసేబుల్ అయిన యూఆర్ట్‌లో రాస్తున్నావని గెస్ట్ ఎర్రర్ లాగ్‌లో ఒక లైన్ మాత్రం పెట్టారు. కారణాన్ని ఆ కోడ్ మార్పు (ప్యాచ్) వివరణలో దాచకుండా రాశారు కూడా.

ఈ నిర్ణయం గురించి నా మనసు రెండుసార్లు మారింది. మొదట కోపం వచ్చింది. హార్డ్‌వేర్ పంపనిది ఎమ్యులేటర్ ఎందుకు పంపాలి? కానీ అసెంబ్లీలో మొదటి పది లైన్లు రాసుకుని, తెర మీద మొదటి అక్షరం కోసం చూసే మనిషిని తలుచుకుంటే వాళ్లు చేసింది మానవత్వమే అనిపించింది. అక్కడ నిశ్శబ్దం ఎదురైతే ఆ మనిషి మళ్లీ ఈ వైపు రాకపోవచ్చు.

ఇప్పుడు నా అభ్యంతరం వేరేచోట ఉంది. ఆ హెచ్చరిక డిఫాల్ట్‌గా కనబడదు. గెస్ట్ ఎర్రర్లు చూపించమని కమాండ్ లైన్‌లో అడిగినవాళ్లకే కనబడుతుంది. ఆ ఆప్షన్ ఉందని తెలిసినవాడికి ఎనేబుల్ బిట్ సంగతీ తెలిసే ఉంటుంది. ఎవరికి అది నిజంగా అవసరమో వాళ్లకే అది అందడం లేదు. మా కుర్రాడికి క్యూఎమ్యూ ఎలా నడపాలో నేర్పింది నేనే, ఆ ఆప్షన్ గురించి నేనూ చెప్పలేదు.

నా ఉద్దేశంలో రెండు రకాల మెషీన్లను వేరుగా చూడాలి. 'విర్ట్' అనేది ఎక్కడా లేని బోర్డు. ఫలానా హార్డ్‌వేర్ విశేషాలతో పనిలేదు, లైనక్స్ నడిస్తే చాలు అనుకునేవాళ్లు అదే వాడుకోవాలని క్యూఎమ్యూ డాక్యుమెంటేషన్ కూడా చెబుతుంది. అక్కడ ఉదారంగా ఉండొచ్చు. కానీ ఒక నిజమైన బోర్డు పేరు పెట్టుకున్న మెషీన్‌ని ఎంచుకునేవాడు ఆ బోర్డు విశేషాల కోసమే వస్తాడు. అక్కడ గెస్ట్ ఎర్రర్లు అడక్కుండానే కనబడాలి, వద్దనుకున్నవాళ్లు ఆపుకోవాలి.

ఈ విషయంలో ఒక మంచి అలవాటు ఇప్పటికే ఉంది. 2024లో వచ్చిన క్యూఎమ్యూ 9.0 విడుదలలో రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు చేరింది. అందులో పీసీఐఈ, ఈథర్‌నెట్ లేవు. లేవని డాక్యుమెంటేషన్‌లో రాసిపెట్టారు. లేనిదాన్ని లేదని చెప్పడంలో వాళ్లకి ఏ మొహమాటమూ లేదు. ఉన్నదాంట్లో ఏ మేరకు ఉందన్నది కూడా అలాగే రాస్తే ఎంత బాగుంటుంది. 'యూఆర్ట్: ఉంది' అన్న మాట పక్కనే 'డివైజర్లు దాచుకుంటాం, వాడం' అన్న మాట ఉండుంటే నేను ఏడాది కిందటే చదివేవాణ్ని.

డ్రైవర్‌ని చూసి రాసిన మోడల్

నా వాదనకి అన్నింటికన్నా గట్టి అడ్డు ఇది. సిలికాన్ తప్పు వాడకానికి ఎలా స్పందిస్తుందో మనకి ఎక్కడ తెలుసు?

చాలా ఎస్ఓసీల మ్యాన్యువల్స్ ఒప్పందం మీద సంతకం పెడితే తప్ప దొరకవు. దొరికినవాటిలో తప్పులుంటాయి. రాస్ప్‌బెర్రీ పైలో వాడిన బీసీఎమ్2835 పెరిఫెరల్స్ డాక్యుమెంట్‌కి వాడుకరులే కూర్చుని తప్పుల పట్టిక తయారు చేసుకోవాల్సి వచ్చింది. అలాంటప్పుడు మోడల్ రాసేవాడికి మిగిలేది లైనక్స్ డ్రైవర్. డ్రైవర్ ఏ రిజిస్టర్ చదువుతోంది, ఏ బిట్ కోసం ఎదురుచూస్తోంది అని చూసి, అది కోరుకున్న జవాబే ఇచ్చేలా రాస్తాడు.

అప్పుడు మోడల్ డ్రైవర్ నుంచి పుట్టిందన్నమాట. మళ్లీ ఆ మోడల్ మీదే ఆ డ్రైవర్‌ని పరీక్షిస్తాం. డ్రైవర్ రాసినవాడు మ్యాన్యువల్‌ని తప్పుగా అర్థం చేసుకుని ఉంటే ఆ తప్పే మోడల్‌లోకి దిగుతుంది, పరీక్ష పాసవుతుంది. సెన్సర్ల లాంటివాటితో మాట్లాడే ఐ2సీ కంట్రోలర్ మోడల్‌నొకదాన్ని నేను ఇలాగే రాశాను. పంపిన బైట్‌ని అవతలి పరికరం ఒప్పుకోకపోతే ఏ స్టేటస్ బిట్ వస్తుందో డ్రైవర్‌లో వెతికాను. డ్రైవర్ ఆ బిట్‌ని చూడనే లేదు. కాబట్టి నేనూ రాయలేదు. నా మోడల్‌లో ప్రతి పరికరమూ ప్రతి బైట్‌నీ ఒప్పుకునేది. సెన్సర్ వైరు ఊడిపోతే ఏమవుతుందన్న ప్రశ్నకి ఆ డ్రైవర్‌లోనూ జవాబు లేదు, నా మోడల్‌లోనూ లేదు. ఆ ఖాళీని నేను రెట్టింపు చేశాను.

ఇంకో వైపు నుంచి కూడా అభ్యంతరం వస్తుంది. సిలికాన్ కూడా చాలాచోట్ల ఉదారంగానే ఉంటుంది. మ్యాన్యువల్ 'ఇలా చేయరాదు' అన్నది చేసినా చిప్ పనిచేస్తూనే ఉండొచ్చు. మా బోర్డు ఏడాదిపాటు నా తప్పుని మోసింది కదా. అలాంటప్పుడు ఎమ్యులేటర్ చిప్‌ కన్నా కఠినంగా ఉంటే అది నిజాయితీ ఎలా అవుతుంది? దీని గురించి చాలా ఆలోచించాను. మ్యాన్యువల్ ఒక ప్రవర్తనను స్పష్టంగా చెబితే మోడల్ దాన్ని పాటించాలి. నిషేధించి, ఫలితం చెప్పకుండా వదిలేస్తే మోడల్ తనకు తేలికైనది చేయొచ్చు, కాని నోరు విప్పాలి. చిప్ తరువాతి రివిజన్‌లో ఆ ఉదారత ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. పీఎల్011లోనే చూడండి, అక్షరాలు వరుసలో నిలిచే ఫైఫో లోతు పాత రివిజన్లలో 16, ఆర్1పీ5 రివిజన్‌లో 32.

సమయం విషయంలో మాత్రం నేనేమీ అడగను. క్యూఎమ్యూ సైకిల్ లెక్కన నడిచే సిమ్యులేటర్ కాదు, అలా అవుతానని ఎప్పుడూ చెప్పలేదు. ఫాబ్రిస్ బెలార్ 2003లో మొదలుపెట్టినప్పటి నుంచీ దాని బలం వేగమే.

పెరిఫెరల్స్‌ని అసలు మోడల్ చేయకుండా తప్పుకునే దారులూ ఉన్నాయి. 2020లో వచ్చిన హాలూసినేటర్ అనే పరిశోధన, ఫర్మ్‌వేర్‌లో హార్డ్‌వేర్‌తో మాట్లాడే హెచ్‌ఏఎల్ ఫంక్షన్లనే పట్టుకుని వాటి స్థానంలో తన కోడ్ నడిపిస్తుంది. రిజిస్టర్ల దాకా వెళ్లే అవసరమే రాదు. పై పొరల్లో బగ్‌లు వెతకడానికి అది బాగా పనికొస్తుంది. నా బాధ కింది పొర గురించి. అక్కడ డ్రైవరే పరీక్షకి కూర్చోవాల్సిన విద్యార్థి.

మెమరీ భద్రత ఒక్కటే కాదు

తప్పు వాడకాన్ని పట్టించుకోకపోవడం భద్రతకీ ముప్పే. 2015లో బయటపడ్డ వెనమ్ లోపం క్యూఎమ్యూ ఫ్లాపీ కంట్రోలర్ మోడల్‌లోది. గెస్ట్ కొన్ని కమాండ్లను తిప్పి తిప్పి పంపితే బఫర్ సూచిక హద్దు దాటేది, ఆ కోడ్ 2004 నుంచీ అక్కడే ఉంది. బుద్ధిగా నడిచే డ్రైవర్ ఏదీ అలా పంపదు కాబట్టి పదకొండేళ్లు ఎవరికీ తగల్లేదు.

ఈ జాతి లోపాలకి, మెమరీ హద్దులు దాటనివ్వని రస్ట్ భాష మంచి మందు. 2024 డిసెంబర్‌లో వచ్చిన 9.2 విడుదలలో క్యూఎమ్యూ రస్ట్‌కి ప్రయోగాత్మకంగా చోటిచ్చింది. అందులో మొదటగా తిరగరాసిన పరికరం మన పీఎల్011నే. నాకు చాలా సంతోషం కలిగింది. అయితే డివైజర్లకి ముందు లైన్ కంట్రోల్ రాస్తే ఏం చేయాలన్నది ఏ కంపైలరూ చెప్పదు. అది మ్యాన్యువల్ చదివిన మనిషి మోడల్‌లో రాయాల్సిందే.

నేను రాసిన ప్యాచ్

ఊరికే వాదించడం ఎందుకని పోయిన వారాంతం కూర్చున్నాను. మొదటి ఆలోచన డివైజర్లకి నీడ ప్రతులు పెట్టడం. రాసినప్పుడు నీడలోకి, లైన్ కంట్రోల్ రాసినప్పుడు అసల్లోకి. అరగంటలో అయిపోయింది. వెంటనే ఇంకో సమస్య ఎదురైంది. పీఎల్011 'విర్ట్' మెషీన్‌లో కూడా ఉంది, దాని వర్షన్ మెషీన్లు పాత క్యూఎమ్యూ నుంచి కొత్తదానికి లైవ్ మైగ్రేషన్ చేసుకోగలగాలి, అంటే నడుస్తుండగానే తరలిపోగలగాలి. పరికరం స్థితిలో ఒక్క ఫీల్డ్ చేర్చినా మైగ్రేషన్ వివరణలో దానికొక సబ్‌సెక్షన్ రాసి, ఎప్పుడు పంపాలో ఎప్పుడు మానాలో చెప్పాలి. ఒక సూక్ష్మమైన ప్రవర్తన కోసం డేటా సెంటర్లలో నడిచే మెషీన్‌ని కదపమంటే మెయింటెయినర్లు ఎందుకు వెనకాడతారో ఆ పూట నాకు బాగా అర్థమైంది.

అందుకని వెనక్కి తగ్గాను. ప్రవర్తన మార్చలేదు, నీడ ప్రతులు తీసేశాను. డివైజర్ రాసి, తరువాత లైన్ కంట్రోల్ రాయకుండా అక్షరం పంపితే గెస్ట్ ఎర్రర్ లాగ్‌లో ఒక లైన్. మ్యాన్యువల్ ఇంకో మాట కూడా అంటుంది, యూఆర్ట్ ఎనేబుల్ అయి ఉన్నప్పుడు ఈ మూడు రిజిస్టర్లనీ మార్చకూడదని. దానికీ ఒక లైన్.

మా కుర్రాడి పాత కోడ్‌ని దాని మీద నడిపాం. గెస్ట్ ఎర్రర్ ఆప్షన్ పెట్టగానే మొదటి అక్షరానికే హెచ్చరిక వచ్చింది. అతను తెర వైపు చూసి, "ఇది ఆ రోజే ఉంటే బోర్డు మార్చేవాణ్నే కాదన్నా" అన్నాడు. దాని పైన ఇంకో రెండు లైన్లు ఉన్నాయి, అవి అతని కోడ్‌వి కావు. యూఆర్ట్ ఎనేబుల్ అయి ఉండగానే డివైజర్లు మారుస్తున్నావని, మా బూట్‌లోడర్ మీద వచ్చినవి. అది ఏళ్ల తరబడి ప్రతి బోర్డు మీదా నిక్షేపంగా పనిచేస్తోంది.

ఇలాంటి హెచ్చరికలు ఎంతమంది బూట్‌లోడర్ల మీద వస్తాయో, వచ్చినవాటిని చూసి విసుగుపుట్టి జనం మొత్తం లాగ్‌నే ఆపేసుకుంటారేమో అన్న అనుమానం నాకుంది. అందుకే ప్యాచ్ ఇంకా పంపలేదు. రెండో హెచ్చరికని విడదీసి వేరే ప్యాచ్‌గా పెట్టాలనుకుంటున్నాను. దానికన్నా ముందు, ఎనేబుల్ అయి ఉండగా, అక్షరం వెళ్తున్న మధ్యలో డివైజర్ మారిస్తే మా చిప్ నిజంగా ఏం చేస్తుందో డేటా పంపే టీఎక్స్ పిన్‌కి ఆసిల్లోస్కోప్ తగిలించి చూడాలి. బూట్‌లోడర్‌లో మార్పు ఒక్క లైనే, డివైజర్లు ముట్టుకునే ముందు ఎనేబుల్ బిట్ తీసేయడం. అది ఈ ఉదయం మా కుర్రాడు రాసి రివ్యూకి పెట్టాడు.